కొంగ అసలు పేరు

కార్‌బెక్, లాంకషైర్
మే నెల మొదట్లో, 1988

మ్యూరియల్ అక్కా,

ఇక్కడ అంతా బాగుందని మొదలుపెడదామనుకున్నాను గానీ, నీ దగ్గర అబద్ధం ఎందుకు? మోకాలు అలాగే ఉంది. వంటింటి గోడకి చెమ్మ మళ్ళీ ఎక్కింది. గ్యాస్ కట్టానో లేదో అని రాత్రుళ్ళు కిందికి దిగి చూసుకుంటున్నాను. కట్టేసే ఉంటుంది. అయినా మర్నాడు మళ్ళీ దిగుతాను.

ఇప్పుడు ఇంకో బెంగ పట్టుకుంది. మా పేకాట క్లబ్బులో ఒకాయన ఉన్నాడని ఎప్పుడో రాశాను, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పొడుగ్గా, పుల్లల్లాంటి కాళ్ళతో ఉంటాడని అందరం కొంగ అంటాం. నన్ను పిచ్చుక అంటారు. ఏప్రిల్ ఆఖరు రోజున మేమందరం కలవాలి. ఆయన రాలేదు. మోకాళ్ళ లోతు మంచులో కూడా మానని మనిషి. చలికాలం నుంచీ దగ్గుతున్నాడు. ఇల్లు ఏటికి అవతల అని తెలుసు, ఏ వీధో తెలియదు.

మనసాగక బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి రోగి పేరు అడిగింది. నాకు నోరు పెగల్లేదు. ఆయన పేరు నాకు తెలియదక్కా. పొడుగ్గా ఉంటాడమ్మా, దగ్గుతుంటాడు అన్నాను. ఇక్కడ దగ్గనివాళ్ళెవరో చెప్పండి వెతకడం తేలిక అంది. వెనక లైనులో ఉన్నవాళ్ళు నవ్వారు. వచ్చేశాను.

ఇంట్లో ఒక్కడే పడి ఉన్నాడేమో. నీ నడుం ఎలా ఉంది? ఆ మెట్లు నువ్వు తుడవకు, ఎవరికైనా చెప్పు.

ఈనిడ్


మోర్‌కమ్
మే నెల మధ్యలో

ఈనిడ్,

నడుం ఉన్నచోటే ఉంది. మెట్లు నేనే తుడుస్తాను, ఇంకొకరు తుడిస్తే మూలలు వదిలేస్తారు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. అన్నేళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చుని పేక ఆడిన మనిషి పేరు తెలియకపోవడం ఏమిటి? మా చాపెల్‌లో ప్రార్థనకి ఒక్క ఆదివారం వచ్చి వెళ్ళినవాడి పేరే కాదు, వాళ్ళమ్మ పుట్టింటి పేరు కూడా మాకు తెలిసిపోతుంది. అదేం క్లబ్బో, ఆ పక్షుల పేర్లేమిటో. చిన్నప్పటి నుంచీ నువ్వంతే, అడగాల్సింది అడగవు, అడిగినదానికి సరిగ్గా చెప్పవు. పెద్దాయన చెల్లెలింటికో ఎక్కడికో వెళ్ళి ఉంటాడు. నిద్రపో.

పోయిన ఆదివారం బయటినుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. పాత దేవుళ్ళని కొలిచే ఈ పాగన్లు, మంత్రగత్తెల గురించే గంటసేపు చెప్పాడు. ప్రతి ఊళ్ళోనూ ఉన్నారట. మామూలు మనుషుల్లా కోటు వేసుకుని కూరగాయలు కొంటారట, చీకటి పడితే గుడ్డలు విప్పేసి కొండ మీద గెంతుతారట, సైతానుకి మొక్కుతారట, పిల్లుల్ని కోస్తారట, పిల్లల్ని కూడా అన్నాడు. మా చాపెల్‌కి వచ్చే పిల్లింగ్ గారు ఆ రోజు నుంచీ పిల్లిని ఇంట్లో పెట్టి తాళం వేస్తోంది. అది కర్టెన్లన్నీ పీకేసిందట. మీ ఊరి వెనక కొండ పేరు కూడా చెప్పాడు ఆయన. గడియ సరిగ్గా పెట్టుకో, చీకట్లో క్లబ్బుకీ గిబ్బుకీ పోకు.

మ్యూరియల్


కార్‌బెక్
మే ఆఖరున

అక్కా,

దొరికాడు. పోయాడు.

మా ఊరి పత్రికలో చూశాను. పోయిన ముసలి కండక్టరు ఇంట్లో మంత్రగాళ్ళ కత్తి అని పెద్ద అక్షరాలతో వేశారు. పేరు మాత్రం వేయలేదు. ఆస్పత్రిలోనే పోయాడట. అయినవాళ్ళంటూ ఒక తమ్ముడి కూతురు ఉందట. ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన సామాన్లవాడు ఆ వస్తువులు చూసి పత్రికవాళ్ళకి చెప్పాడు. ఫోటో కూడా వేశారు. నల్ల పిడి కత్తి, ఉప్పు గిన్నె, ఒక కప్పు. ఆ కప్పు అంచు కొంచెం పగిలి ఉంటుంది. కడుగుతూ పగలగొట్టింది నేనే.

పేకాట క్లబ్బు లేదక్కా. నాకు పేక ఆడటమే రాదు. ఇరవయ్యారేళ్ళుగా నేను వెళ్ళేది వాళ్ళ దగ్గరికే. పత్రికలు మంత్రగత్తెలంటాయి, తెలిసినవాళ్ళు విక్కా అంటారు, మాలో మేము మా పని అనుకుంటాం, అంతే. నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం మా ప్రమాణం. బయటి పేర్లు అడగకూడదు, చెప్పకూడదు. ఒకరు పట్టుబడి ఎవరైనా గుచ్చిగుచ్చి అడిగినా మిగతావాళ్ళ పేర్లు బయటపడకుండా, తెలియనే కూడదు. మాలో ఒకామె పంతులమ్మ. తెలిస్తే ఆమెని బడిలో ఒక్క పూట ఉంచరు. కొంగ బస్సులో నేను ఎన్నిసార్లు ఎక్కానో. టికెట్టు కొట్టి, ఎక్కడికమ్మా అని అడిగేవాడు, కొత్తమనిషిని అడిగినట్టు. నేనూ అలాగే చెప్పేదాన్ని. మంచి జాగ్రత్త అనుకున్నాం. ఆ జాగ్రత్త వల్లే ఆయన ఆస్పత్రిలో అన్నాళ్ళు పడి ఉంటే ఒక్కళ్ళం వెళ్ళలేకపోయాం. నేను బల్ల దగ్గర నిలబడి వెనక్కి వచ్చేసిన రోజున ఆయన పైఅంతస్తులోనే ఉన్నాడు.

మీ ప్రసంగీకుడు చెప్పినవి ఒకటొకటీ చెప్తాను. గుడ్డల్లేకుండా చేసే బృందాలు ఉన్నాయి, కాదనను. మావాళ్ళు కూడా నేను రాకముందు ఒక ఎండాకాలం ప్రయత్నించారట. దోమలు కుట్టి చంపాయట. ఇప్పుడు పైన అంగీ, లోపల ఉన్ని స్వెట్టరు. దేవుడున్నాడు, ఆయనకి కొమ్ములున్నాయి. జింక కొమ్ములు. అవి చూసే అందరూ సైతాను అంటారు. ఆయన పక్కన తల్లి ఉంది. ఋతువు మారినప్పుడూ, పున్నమికీ చేరి, చుట్టూ గిరి గీసుకుని, ఇద్దరినీ తలుచుకుని, రొట్టె తిని, కొంచెం ద్రాక్షసారా తాగి ఇళ్ళకి వెళ్తాం. పిల్లుల్ని కోయం, పిల్లల్ని కోయం. నేను కోడిని కూడా కోయించి తెచ్చుకుంటానని నీకు తెలుసు.

నేనెందుకు వెళ్ళానంటావా? అందరూ నన్ను భయపడకు, భయపడకు అనేవాళ్ళే. అమ్మ, మా ఆయన, నువ్వు. అక్కడ మాత్రం కొవ్వొత్తులు చూసే పని నాకిచ్చారు. ఎవరి అంగీ మంటకి తగలకుండా, గేటు సరిగ్గా మూసి ఉండేలా, వెళ్ళేటప్పుడు నిప్పు ఆరిపోయేలా చూడటం. పిచ్చుకా, నువ్వు భయపడుతుంటే మేము నిశ్చింతగా ఉంటాం అనేవాడు కొంగ. నా భయానికి లోకంలో పని దొరికింది అక్కడొక్కచోటే.

ఆయన మమ్మల్ని ఒకటే అడిగాడు. పోతే మా మాటలతో పంపమని. మాటిచ్చాం. ఆ తమ్ముడి కూతురు ఏ ఫాదరో వచ్చి నాలుగు ముక్కలు చదివితే దహనం చేయించేస్తానందట. నేను ఆవిడ దగ్గరికి వెళ్తాను. మిగతావాళ్ళు వెళ్ళలేరు, వాళ్ళకి ఉద్యోగాలున్నాయి. నాకు పెన్షనూ, మోకాలూ తప్ప పోయేదేమీ లేదు.

చదివాక ఇది పొయ్యిలో వేసినా నేనేమీ అనుకోను.

ఈనిడ్


మోర్‌కమ్
జూన్ మొదట్లో

ఈనిడ్,

పొయ్యిలో వేయలేదు. బీరువాలో దుప్పట్ల కింద పెట్టాను. ఎవరూ చూడకుండా.

నీకేమైనా అయిందా? బస్సు తప్పిపోతుందేమోనని ముందు బస్సుకే వెళ్ళి కూర్చునేదానివి. ఉరుము ఉరిమితే బల్ల కిందికి దూరేదానివి. మన చాపెల్‌లో బాప్తిస్మం తీసుకుని, నా పక్కనే కూర్చుని కీర్తనలు పాడినదానివి. ఇదంతా చేసి నాకు పేకాట అని రాస్తూ వచ్చావు. ఎవరు గెలిచారని నేను ప్రతిసారీ అడిగేదాన్ని. నువ్వు జవాబు రాసేదానివి కూడా.

సరే. నేను చెప్పేది విను. వెళ్ళకు. పోయినవాడికి ఎవరు ఏ మాటలు చదివినా ఇప్పుడు ఒకటే, వినేది లేదు చూసేది లేదు. బతికి ఉన్నదానివి నువ్వు. అన్నేళ్ళు బడిలో పిల్లలకి వండి పెట్టావు, ఆ తల్లులు ఇది తెలిస్తే ఊరుకుంటారా? కిటికీలు మిగులుతాయా? సామాను సర్దుకుని ఇక్కడికి రా. వెనక గది ఖాళీ చేయిస్తాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, నాకు కూడా ఇంకేమీ చెప్పక్కర్లేదు.

వెళ్తే మాత్రం, నాకు రాయకు.

మ్యూరియల్


కార్‌బెక్
జూన్ మధ్యలో

అక్కా,

వెళ్ళాను. రాయకు అన్నావు గానీ, ఈ సంగతి పత్రికలో కంటే ముందు నా చేతి రాతలో తెలియాలి నీకు.

సామాన్లవాడిని అడిగి ఇల్లు తెలుసుకున్నాను. ఆవిడ పేరు లోర్నా డక్స్‌బరీ. బేకరీలో పనిచేస్తుంది, నలభై దాటి ఉంటాయి. ముందు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. సాసరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయనకి మీరేమవుతారు అంది. స్నేహితురాలిని అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. "మా పెదనాన్నకి స్నేహితులున్నారా? ఆస్పత్రిలో నర్సు నన్నడిగింది, ఈయనకి మీరు తప్ప ఎవరూ లేరా అని. చివరి రోజుల్లో తలుపు వైపే చూస్తూ ఉండేవాడు. ఎవరి కోసమో నాకు తెలియదు."

నేను అన్నీ చెప్పాను. మా గురించి, ఆ ప్రమాణం గురించి, పేరు తెలియక బల్ల దగ్గరినుంచి తిరిగి వచ్చిన సంగతి గురించి. ఆవిడ లేచి వెళ్ళి, తువ్వాలులో చుట్టిన కత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. దీంతో ఏం కోశారు అని అడిగింది. ఏమీ కోయలేదమ్మా, దాంతో కోయకూడదు, వెన్న కూడా కోయం, గాల్లో గిరి గీయడానికే అన్నాను. బొటనవేలితో అంచు రాసి చూసుకుంది. మళ్ళీ గట్టిగా రాసింది. చెంచాలా ఉందే అంది తనలో తను. మరి పిల్లులు అంది. మా ఇంట్లో రెండున్నాయి, పొద్దున్న తిండి ఆలస్యమైతే అవే నన్ను తినేలా చూస్తాయి అన్నాను. నవ్వబోయి ఆపుకుంది.

తర్వాత ఆవిడ కిటికీ వైపు చూపించి అంది.

"మీకెవరికీ ఆయన పేరు తెలియదు. ఆయనకి మీ పేర్లు తెలియవు. బయట గేటు దగ్గర పత్రికవాడు నిలబడి ఉన్నాడు, వాడికి తెలిసింది నా పేరొక్కటే. బళ్ళో మా పిల్లల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. దెబ్బలన్నీ మేము తింటున్నాం. పేరు చెప్పుకోలేనివాళ్ళ చేతికి మా పెదనాన్నని ఎలా ఇమ్మంటారు?"

న్యాయంగా అడిగిందక్కా. ఇంకొకరి పేరు చెప్పకూడదని ప్రమాణం చేశాను. నా పేరు చెప్పకూడదని మాత్రం ఎవరూ నన్ను అడ్డుకోలేరు. సాసరు బల్ల మీద పెట్టి గేటు దగ్గరికి నడిచాను. ఆవిడ కిటికీలోంచి చూస్తోంది. పత్రికవాడు కుర్రాడే, ముక్కు కారుతోంది, రుమాలు ఇచ్చాను. మీరు ఆ బృందం మనిషేనా అన్నాడు. అవునన్నాను. సైతానుని పూజిస్తారా అన్నాడు. సైతాను చర్చివాళ్ళకి తెలిసినవాడు బాబూ, మాకు ఎప్పుడూ పరిచయం లేదు అన్నాను. ఎంతమంది ఉన్నారు, వాళ్ళ పేర్లేమిటి అన్నాడు.

"నా పేరు రాసుకో. ఈనిడ్ షటిల్‌వర్త్. కార్‌బెక్ బడి వంటింట్లో పనిచేశాను. విక్కా దారిలో ఉన్నదాన్ని. నాకు భయంగా ఉంది, అది కూడా రాసుకో."

తిరిగి లోపలికి వచ్చేసరికి లోర్నా కత్తిని తువ్వాలులో చుట్టి చేతికిచ్చింది. ఫాదర్‌కి రావద్దని చెప్తానంది. ఆయన పేరు క్లెమెంట్ ఓగ్డెన్ అని అప్పుడు చెప్పింది. దారంతా ఆ పేరే అనుకుంటూ నడిచాను, మళ్ళీ మరిచిపోతానేమోనని.

శుక్రవారం పత్రికలో వస్తుంది. అది ఈ జిల్లా అంతా వెళ్తుంది, మీ దాకా కూడా వస్తుంది. నా ఇంటిపేరు మా ఆయనది కాబట్టి నిన్నెవరూ అనుమానించరు. ఎవరైనా అడిగినా తెలియదని చెప్పు. నేను తప్పు పట్టను. నీ నడుం జాగ్రత్త.

ఈనిడ్


కార్‌బెక్
జూన్ ఆఖరున

అక్కా,

నువ్వు రాయలేదు. నేను రాయడం మానలేను, అలవాటు.

శుక్రవారం పత్రిక వచ్చింది. బడి వంటమ్మ మంత్రగత్తె అని వేశారు. భయపడుతున్నానన్న మాట వేయలేదు. ఆ మధ్యాహ్నం రొట్టెల కొట్టుకి వెళ్ళాను. ఒక తల్లి నా ముందే అంది, మా పిల్లలకి ఇన్నేళ్ళూ ఏం కలిపి పెట్టిందో అని. పక్కనున్న మాంసం కొట్టు ముసలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆవిడ కస్టర్డ్‌లో ఎప్పుడూ ఉండలుండేవి, మంత్రాలొస్తే ఉండలెందుకు కడతాయమ్మా అన్నాడు. కొందరు నవ్వారు. నాకు ఎప్పుడూ లేనంత కోపం వచ్చింది ఆ ఉండల మాటకి. అయినా ఆయనకి థాంక్స్ చెప్పాను.

మర్నాడు పొద్దున్న తలుపు మీద సుద్దతో ఏదో బొమ్మ, కింద ఒక మాట. ఆ మాట నీకు రాయను. ఇంకా అలాగే ఉంది. తుడవడానికి వంగితే మోకాలు లేవనివ్వదు.

నిన్న ఆయన్ని పంపాం. శ్మశానం ఆఫీసువాళ్ళు అరగంట ఇచ్చారు. లోర్నా, ఆవిడ భర్త ముందు వరసలో. ఆవిడ పిల్లలు రాలేదు. నేను అంగీ వేసుకోలేదు, మంచి కోటే వేసుకున్నాను, చేతిలో కత్తి. తలుపు దగ్గర నిలబడిన ఉద్యోగి నా చేతిలోకి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. పెట్టె చుట్టూ గిరి గీస్తూ నడిచాను. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, ప్రతి దిక్కుకీ ఆగి పిలవాలి. తర్వాత ఉప్పు నీళ్ళ గిన్నె పట్టుకుంటే సగం నా బూట్ల మీదే ఒలికిపోయింది. లోర్నా లేచి వచ్చింది. ఇలా ఇవ్వండి, మీ చేతులు వణుకుతున్నాయి అంది. నేను చల్లుతుంటే ఆవిడ గిన్నె పట్టుకుని నా వెనకే చుట్టూ తిరిగింది. బేకరీ చేతులు, ఒక్క చుక్క ఒలకలేదు.

మావాళ్ళని రావద్దన్నాను. వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, దూరదూరంగా, బస్సు కోసం కూర్చున్న కొత్తవాళ్ళలా వెనక బెంచీల్లో కూర్చున్నారు. నేను అటు చూడలేదు. వాళ్ళూ ఒకరినొకరు చూసుకోలేదు.

పోయినవాడిని పంపేటప్పుడు పేరు పైకి చెప్పాలి. మేము ఎరిగిన పేరు కొంగ. అది చెప్పాను. తర్వాత ఆగి, క్లెమెంట్ ఓగ్డెన్ అన్నాను. వెనకనుంచి ఎవరో మెల్లగా ఆ పేరు పలికారు. తర్వాత ఇంకొకరు. తర్వాత ఇంకొకరు. అన్నేళ్ళు పక్కన నిలబడిన మనిషి పేరు వాళ్ళు మొదటిసారి విన్నారక్కా. కొత్త పాఠం నేర్చుకుంటున్నట్టు ఒక్కొక్కరే పలికి చూసుకున్నారు. లోర్నా ఏడ్చింది. ఈయన కోసం ఇంతమంది ఉన్నారా అంది.

తర్వాత చదివిన మాటలు నీకు కూడా రాయను. అవి ప్రమాణంలో ఉన్నాయి. ఆయన మాత్రం విన్నాడని నేను నమ్ముతాను. వినలేదని నువ్వు నమ్ము, నేను పోట్లాడను.

సాయంత్రం మావాళ్ళు వెనక సందులోంచి మా ఇంటికి వచ్చారు. ఇంకెవ్వరినీ ఆస్పత్రిలో అలా వదిలేయకూడదని అందరం గట్టిగా అనుకున్నాం. ప్రతి ఒక్కరి అసలు పేరు ఒక్కరికి తెలిసి ఉండాలి, ఆ ఒక్కరు ఎవరికీ చెప్పకూడదు. ఎవరా ఒక్కరు అంటే అందరూ నా వైపు చూశారు. ఎలాగూ రాత్రుళ్ళు నిద్రపోవు కదా, మా అందరి గురించీ కూడా బెంగపెట్టుకో అన్నారు. ఒక్కొక్కరే వంటింట్లోకి వచ్చి చెవిలో చెప్పి వెళ్ళారు. కాగితం మీద పెట్టలేదు. ఇక రోజూ పొద్దున్న టీ పెట్టుకుంటూ అన్నీ ఒకసారి అనుకుంటాను.

నేను మోర్‌కమ్ రాను. ఇక్కడే ఉంటాను.

ఈనిడ్


మోర్‌కమ్
జూలై మొదట్లో

ఈనిడ్,

మంగళవారం ఆడవాళ్ళ టీ మా చాపెల్ హాల్లో జరిగింది. పిల్లింగ్ గారు ఆ పత్రిక తెచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని అందరికీ వినపడేలా చదివింది. చదవడం అయ్యాక, కార్‌బెక్‌లో మీకెవరో ఉన్నారన్నారు కదా మ్యూరియల్, ఈ మనిషిని ఎరుగుదురా అంది. కేకు కోస్తున్నాను. ఒక్క మాటలో తెలియదని అనేయొచ్చు. నీ ఇంటిపేరు వేరు, నువ్వే దారి చూపించావు. నోటిదాకా వచ్చింది కూడా.

మా చెల్లెలు అన్నాను.

పిల్లింగ్ గారు కళ్ళద్దాలు దించి చూసింది. సొంత చెల్లెలా అంది. ఒకే మంచం మీద పడుకుని పెరిగాం, దుప్పటి మొత్తం అదే లాక్కునేది అన్నాను. మరి నిజంగా గబ్బిలాలు అవీ తింటారా అంది. లోపల ఎరుపు కనిపిస్తే మటన్ కూడా తినదు, మళ్ళీ పెనం మీద వేసుకుంటుంది అన్నాను. పిల్లింగ్ గారు తన కప్పు తీసుకుని పక్క బల్లకి వెళ్ళిపోయింది. ఇంకో ఇద్దరు ఆవిడ వెనకే వెళ్ళారు. నేను కేకు కోయడం పూర్తి చేశాను. ఎవరికి కావాలంటే వాళ్ళు వచ్చి తీసుకున్నారు, అందరూ రాలేదు.

నువ్వు చేసేది నాకు నచ్చలేదు, నచ్చదు. నీ కోసం రోజూ ప్రార్థన చేస్తాను, నువ్వు వద్దన్నా ఆపను. పేకాట అని రాసినందుకు ఇంకా కోపంగానే ఉంది, దాని సంగతి ఎదురుగా కూర్చుని మాట్లాడతాను. కానీ ఆ ఆస్పత్రి బల్ల దగ్గర నువ్వు నోరు పెగలక నిలబడ్డావన్నది చదివినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. రేపు నువ్వే ఆ పై అంతస్తులో ఉంటే, ఎవరో వచ్చి అడిగితే, ఈమెకి ఎవరూ లేరా అని ఆ నర్సు అనకూడదు. ఆ ఆస్పత్రి ఆఫీసులో దగ్గరి బంధువు అన్నచోట నా పేరు రాయించు. మ్యూరియల్ ఫెయిర్‌క్లఫ్, అక్క.

తలుపు మీద రాసింది అలాగే ఉండనీ, నువ్వు వంగకు. శనివారం పదకొండు గంటల బస్సుకి దిగుతాను. బ్రష్షు నాదే తెచ్చుకుంటాను, నీ దగ్గరున్నవి మూలలకి పనికిరావు. పట్టపగలు, వీధంతా చూస్తుండగా తుడుస్తాను. ఎవరైనా ఆగి మీరెవరని అడిగితే చెప్తాను.

మ్యూరియల్